చివరి ఎనిమిది పేజీలు

ఎండ నెత్తిమీదికి రాగానే గొర్రెలు మేత ఆపేస్తాయి. ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి, గుండ్రంగా, గోడ కట్టినట్టు నిలబడిపోతాయి. పైనుంచి చూస్తే ఒక్క తల కనబడదు, అన్నీ వీపులే. మెడలో గంటలు కూడా మోగవు. మా గొల్లవాళ్లు దాన్ని 'మంద తల దించింది' అంటారు.

మంద తల దించినప్పుడు మనిషి నోరు మూసుకోవాలి. ఇది మా తాతల నాటి కట్టుబాటు. ఆ గంటా గంటన్నరలో ఎవరు పేరు పెట్టి పిలిచినా పలకకూడదు, ముఖ్యంగా 'ఊ' అనకూడదు. పొద్దుపోక ఎవరైనా కథ ఎత్తుకున్నా, వినేవాళ్లు ఊ కొట్టే బదులు చేతికట్టెతో నేల మీద టక్కుమని కొట్టాలి. ఎందుకని అడిగితే మా బాపు గాలయ్య ఒకటే మాట అనేవాడు.

"ఎవలు అడిగిన్రో సూడకుండనే ఊ అంటవారా? ఊ అన్నంక నువ్వు ఆళ్ల మనిషివే."

నేను నవ్వేవాణ్ణి. అప్పటికి నాలుగో తరగతి పాసయ్యాను కదా. దేవరకొండ తాలూకాలో మా గొల్లవాడ మొత్తానికి అక్షరం ముక్క వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. ఆ సామెత నా కోసమే పుట్టిందని నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

అది 1956 ఎండాకాలం. నాకు పదకొండేళ్లు, చెల్లె అండాలుకు ఏడు. ఊళ్లో గడ్డి మాడిపోయింది కాబట్టి ఏటా లాగే మందను కృష్ణ దిక్కు తోలుకుపోతున్నాం. బాపు, నేను, అండాలు. అమ్మ గోపమ్మ ముసలవ్వకు బాగాలేదని ఇంటి దగ్గరే ఉండిపోయింది. బయలుదేరేముందు బడిలో లింగయ్య సారు నాకొక పుస్తకం ఇచ్చి, "సెలవులల్ల సదువుకో పర్వతాలూ, తిరిగొచ్చినంక నాకు కథ చెప్పాలె" అన్నాడు. అది నా బతుకులో మొదటి కథల పుస్తకం. అట్ట ఎప్పుడో పోయింది, మొదటి ఆకు కూడా లేదు. సారు గోధుమరంగు కాయితం చుట్టి దారంతో కుట్టాడు. అందుకని ఆ పుస్తకం పేరేమిటో, రాసింది ఎవరో నాకు తెలియదు. ఆ సంగతి తరువాత పదేళ్లు నా ప్రాణం తీసింది.

కథ మాత్రం ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా వచ్చు. కరువుకాలంలో ఒక తల్లి దాహంతో నాలుక పిడచగట్టి పడి ఉంటుంది. ఆమె బిడ్డ చెంబు పట్టుకుని పాడుబడిన దిగుడుబావిలోకి దిగుతుంది. నూరు మెట్లు. దిగుతున్నకొద్దీ కింది నుంచి ఒక గొంతు ఏదో ఒకటి అడుగుతుంది. ముందు కాళ్ల పట్టీల చప్పుడు అడుగుతుంది. పిల్ల ఇచ్చేస్తుంది, అప్పటి నుంచి ఆమె నడిస్తే చప్పుడు రాదు. తరువాత నీడ. తరువాత పేరు. అన్నీ ఇచ్చేసి ఇంకా దిగుతుంది. ప్రతి పేజీకి ఒక బొమ్మ. బొమ్మలో పైన వెలుతురు బిళ్లంత మిగిలేదాకా చిన్నదైపోతూ వస్తుంది. ఆ బొమ్మ చూస్తే మాకిద్దరికీ గొంతెండేది, అయినా చూడకుండా ఉండలేకపోయేవాళ్లం.

నేను ముందుగా చదివేయలేదు. రోజుకు రెండు మూడు పేజీలు, ఇద్దరం కలిసే. అండాలు కట్టెతో టక్కు టక్కుమని కొడుతూ వినేది. రాత్రి పడుకున్నాక "ఆ పిల్లకు భయమైతలేదా అన్నా?" అని అడిగేది. అమ్మ కోసం దిగింది కదా, భయమెట్లయితది అనేవాణ్ణి.

తొమ్మిదో రోజు ఒక బోడి గుట్ట కింద ఆగాం. తుమ్మచెట్టు నీడ గొంగడంత కూడా లేదు. బాపు ఆ నీడలో తల పెట్టి నిద్రపోయాడు. మంద తల దించింది. నేను, అండాలు ఎండలోనే బండకు ఆనుకుని కూర్చుని పుస్తకం తీశాం. అండాలు కట్టె అందుకుంది.

"కట్టె వద్దే. బాపు లేస్తడు," అన్నాను మెల్లగా.

"మరెట్ల?"

"ఊ కొట్టు."

అది నా వంక చూసింది. "బాపు అనొద్దన్నడు గద?"

"అది సదువురానోళ్ల మాట. పుస్తకంల కథకు గట్లనేముండది. కొట్టు."

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది. నా చెల్లె నన్ను నమ్మింది.

చదివాను. ఊ అంది. చదివాను. ఊ. తొంభైతొమ్మిదో మెట్టు వచ్చింది. పిల్ల దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ లేదు. ఒక్క మెట్టు కింద నల్లగా నీళ్లు కనబడుతున్నాయి. అప్పుడు గొంతు అంటుంది, "నీళ్లు తీసుకో. కానీ..."

పేజీ తిప్పాను. దారం మాత్రమే ఉంది. వెనక నాలుగు ఆకులు ఎవరో చింపేశారు.

"ఆ పిల్ల పైకొచ్చిందా అన్నా?"

"తెల్వదే. చినిగింది."

"ఊ."

నేను పుస్తకం అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. కోపం, ఏడుపు రెండూ వస్తున్నాయి. "ఇంకేం ఊ కొడుతవ్, లేదంటుంటే?" అని కసిరాను.

అండాలు నా చెయ్యి పట్టుకుంది. ఆ ఎండలో దాని చెయ్యి చల్లగా ఉంది.

"అన్నా... నేను అనలె."

మంద దిక్కు చూస్తోంది. నేనూ చూశాను. అన్నీ వీపులే. ఒక్క తల లేదు. మధ్యలో నుంచి, పొట్టల కింద నుంచి, నేలకు దగ్గరగా...

"ఊ."

చిన్నపిల్ల గొంతు. తరువాత ఏమైందో చెప్పు అన్నట్టు. ఓపిక నశిస్తున్నట్టు.

పాము దూరితే గొర్రెలు చెల్లాచెదరవుతాయి. తోడేలు వాసన తగిలితే తొక్కుకుంటాయి. ఇప్పుడవి కదల్లేదు. ఇంకా దగ్గరికి జరిగాయి, మరింత లోపలికి తలలు దూర్చుకున్నాయి. అప్పుడొచ్చింది వాసన. పాచి వాసన. ఏళ్లుగా ఎవరూ తోడని బావి వాసన. చుట్టూ మూడు కోసుల్లో తడి అన్నది లేని జాగాలో.

"అయిపోయింది," అన్నాను గుసగుసగా. "కథ అయిపోయింది. ఇగ లేదు."

"ఊ..."

అండాలు నా చెయ్యి వదిలింది. లేచింది. నేను పట్టుకునేలోపే నాలుగడుగులు వేసింది. మంద రెండుగా విడిపోయి దారిచ్చింది. అది లోపలికి వంగింది... మంద మళ్లీ మూసుకుంది. నేను బాపూ అని అరిచాను. బాపు లేచి గొర్రెలను కాళ్లతో, కట్టెతో తోసుకుంటూ లోపలికి పోయాడు. మధ్యలో అండాలు గొంతుక్కూర్చుని ఉంది. నేలలోకి చూస్తోంది. ఆ నేల ఎండిన రేగడి, నెర్రెలు కూడా లేవు.

"అండాలూ! బిడ్డా!"

"ఊ," అంది నా చెల్లె.

ఆ తరువాత పదేళ్లపాటు అది ఇంకో మాట మాట్లాడలేదు.

ఆ రాత్రి బాపుకు అంతా చెప్పాను, దెబ్బలకు సిద్ధపడే చెప్పాను. కొట్టలేదు. చినిగిన పుస్తకం చేతిలోకి తీసుకుని, వెనక మిగిలిన దారాన్ని వేలితో తడిమాడు.

"గొర్లకు మందు పొట్లాలు గట్టెతందుకు నేనే చింపిన్రా. నువ్వు సదివిన కాయిదాలే గద అనుకున్న."

"అవి ఆఖరివి బాపూ. ఇంక సదవలేదు."

"పట్వారి దఫ్తరు అటు దిక్కుసంది తెరుస్తడు గదరా. నేను సూసిన పుస్తకాలన్ని అటుసంది తెరిచేవే."

పట్వారి దఫ్తరు ఉర్దూ. కుడి నుంచి తెరుస్తారు. మా బాపు జన్మలో చూసిన పుస్తకాలు అవే. ఆయన తప్పు లేదు, ఆయనను ఎవరూ బడికి పంపలేదు. తెల్లారి మందను నాకు వదిలి, పొట్లాలు విప్పి పారేసిన దారంతా రెండు రోజులు వెనక్కి నడిచాడు. గాలికి కొట్టుకుపోయినవి కొన్ని, మేకలు తిన్నవి కొన్ని. ఒట్టి చేతులతో తిరిగొచ్చి నా ముందు నిలబడ్డాడు, నేనేదో శిక్ష వేయాలన్నట్టు. మూడేళ్లకు ఆ దిగులుతోనే పోయాడు.

అండాలు పెరిగింది. తినిపిస్తే తినేది, పండుకోబెడితే పండుకునేది. ఆకలా అంటే ఊ. నొప్పా అంటే ఊ. మిట్టమధ్యాహ్నం మాత్రం ఎవరూ ఏమీ అడగకుండానే, అరచేయి నేలకు ఆనించి, ఊ... ఊ... అంటూ కూర్చునేది. అమ్మ దర్గా చుట్టూ తిప్పింది, జాతరలకు మోసుకుపోయింది, కనబడ్డ ప్రతి రాయికీ మొక్కింది. ముగింపు నేనే కల్పించి చెబితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. నలభై ముగింపులు చెప్పి ఉంటాను. పిల్ల నీళ్లు తెచ్చింది, తల్లి తాగింది, వాన పడింది. నా సొంత మాట మొదలవగానే అండాలు నోరు బిగించేది. తెల్లారి మధ్యాహ్నందాకా మెతుకు ముట్టేది కాదు. దానికి తెలిసిపోయేది. దానికో, దాని పక్కన కూర్చుని వింటున్నదానికో.

అందుకే చదువుకున్నాను. అందుకే పంతులునయ్యాను. పిల్లలకు చదువు చెప్పాలన్న గొప్ప ఉద్దేశమేమీ లేదు, పుస్తకాలున్న చోటికి చేరాలి, అంతే. లింగయ్య సారును వెతుక్కుంటూ పోతే, ఎక్కడో జాతరలో కొన్నానన్నాడు, ఇంకేమీ గుర్తు లేదన్నాడు. షాద్‌నగర్‌లో, మహబూబ్‌నగర్‌లో, హైదరాబాద్ ఫుట్‌పాత్‌ల మీద, ఏ పుస్తకాల కుప్ప కనబడినా మోకాళ్ల మీద కూర్చునేవాణ్ణి. ఒక గ్రంథాలయంలో గుమాస్తా నా మాట విని పగలబడి నవ్వాడు.

"పేరు తెల్వదు, రాసినాయన తెల్వదు, అట్ట ఏం రంగో తెల్వదు. ఇగ దొరికినట్టే సారూ!"

నేనూ నవ్వాను. బయటికొచ్చి ఏడ్చాను.

1965లో వానలు ఎగ్గొట్టాయి. మరుసటి ఏడు, 1966 ఎండాకాలం మొదట్లో, అండాలు మింగడం మానేసింది. నీళ్లు పోస్తే పెదవుల పక్క నుంచి కారిపోయేవి. పదిహేడేళ్ల పిల్ల పదేళ్లదాని లెక్క అయింది. మహబూబ్‌నగర్ దవాఖానాకు తీసుకుపోతే, జబ్బేమీ కనబడలేదన్నారు, ఏదో తాగుడు మందు రాసిచ్చారు. అది అయిపోయాక మళ్లీ తేవడానికి నేనొక్కణ్ణే బయలుదేరుతుంటే అమ్మ గడప దాకా వచ్చింది.

"మందు తెచ్చుడు తేకపోవుడు నీ ఇష్టం కొడకా. గీ నెల దాటదు నా బిడ్డ. జర జల్ది రా. దహనానికన్న అందుకుంటవ్."

అమ్మ ఎప్పుడూ అట్లా మాట్లాడేది కాదు. ఆ మాట మహబూబ్‌నగర్ దాకా నా చెవుల్లో ఉంది.

మందు తీసుకున్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అంజన్న అనే కిరాణా కొట్టాయన దగ్గర పుట్నాలు కట్టించుకున్నాను. రెండు గింజలు నోట్లో వేసుకుని పొట్లం వైపు చూశాను. మెట్లు. కింద చీకటి. పైన బిళ్లంత వెలుతురు.

పుట్నాలు నేల పాలయ్యాయి. "ఈ కాయిదం ఏడిది? ఏడ దొరికింది?" అని అరిచాను. అంజన్న భయపడ్డాడు.

"ఏందయ్యా, దొంగ సొమ్మా ఏమన్ననా? గల్లీల ఒక ప్రెస్సు మూతవడ్డది. రద్దీ కాయిదాలు రెండు గోతాలు తెచ్చుకున్న. లోపటున్నయి సూస్కోపో."

పొద్దుగూకేదాకా ఆ గోతాల్లో వెతికాను. కుట్టని అచ్చు ఫారాలు, మడతలు కూడా కోయనివి. అన్నీ ఒకే పుస్తకంవి కావు. చీకటి పడుతుండగా దొరికింది. చివరి ఫారం. మడిచిన ఎనిమిది పేజీలు. పైన మొదటి మాట 'నీ చోట'. నాకు పదేళ్లుగా తెలిసిన 'కానీ' తరువాతి మాట.

ముందుగా ఎందుకు చదవలేదని అడగకండి. ఆ పుస్తకం మేమిద్దరం కలిసే చదివాం, ఒంటరిగా ఒక్క ముక్క కూడా నేను చదవలేదు. అది నా చెల్లెకిచ్చిన మాట లాంటిది. తెల్లవారుజామున బస్సులో కూర్చుని, మడత సందులోంచి చివరి బొమ్మ మాత్రం చూశాను. పిల్ల నిండు చెంబుతో తల్లి పక్కన నిలబడి ఉంది. నవ్వుతోంది. కాళ్లకు పట్టీలున్నాయి, వెనక నీడ ఉంది. పైకొచ్చింది! ముఖానికి తువ్వాల అడ్డం పెట్టుకుని ఏడ్చాను. పక్కాయన ఎవరో పోయారనుకుని భుజం తట్టాడు.

ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అండాలు చాప మీద ఉంది, తల అమ్మ ఒళ్లో. ఊపిరి గొంతులోనే ఆడుతోంది.

"అమ్మా, దొరికింది."

అమ్మ ఫారం చూడలేదు, నా ముఖం చూసింది. "అయితే సదువు. ఆలస్యం జెయ్యకు."

మొదటి నుంచి మొదలుపెట్టాను. చేతిలో కాయితం లేకుండానే, కంఠతా వచ్చింది కదా. కరువు, తల్లి, చెంబు, మెట్లు. అండాలు పెదవులు కదిలాయి. ఊ... వినీ వినబడనట్టు. అమ్మకు ఆ కథ అదే మొదటిసారి వినడం. పదేళ్లుగా బిడ్డను తిన్న కథ ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. ద్వారబంధానికి వీపు ఆనించి, అండాలు జుట్టు నిమురుతూ వింటోంది. పట్టీల చప్పుడు ఇచ్చేసిన చోట "అయ్యో" అంది. నీడ ఇచ్చేసిన చోట ఏమీ అనలేదు. పేరు ఇచ్చేసిన చోట...

"ఊ," అంది అమ్మ.

నేను గమనించాను. గమనించలేదని చెప్పుకోవడానికి లేదు. చదువుతూనే ఉన్నాను. అక్కడి నుంచి ప్రతి మాటకూ ఇద్దరూ ఊ కొడుతున్నారు, కూతురు, వెనకే తల్లి.

ఇంట్లో పాచి వాసన వచ్చింది.

తొంభైతొమ్మిదో మెట్టు. కొడవలితో మడతలు కోశాను. తొందరలో ఒక పేజీ అంచు చినిగింది. చదివాను.

"'నీళ్లు తీసుకో. కానీ నీ చోట కూర్చోవడానికి ఒకరు కావాలి' అంది గొంతు. 'ఎవరినీ లాక్కురావద్దు. పైకి చూసి, నీళ్లు కావాలా అని ఒక్క కేక వెయ్యి. ఎవరు ఊ అంటే వాళ్లు వస్తారు.' పిల్ల తల ఎత్తి పైకి చూసింది. కేక వేసింది..."

ఆగాను.

కింది పంక్తిలో ఆ కేక ఉంది. రెండే మాటలు. నా కళ్లు వాటిని దాటి పోవడం లేదు. గుట్ట కింద ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో అప్పుడర్థమైంది. కేక వేయకముందే పేజీలు అయిపోయాయి. ఆ పిల్ల పైకి రాలేక మెట్టు మీదే ఉండిపోయింది. తన కథకు ఊ కొట్టిన నా చెల్లెనూ తనతోపాటు కూర్చోబెట్టుకుంది.

"ఊ. అటెన్క?" అంది అమ్మ.

"అమ్మా..."

"ఆగకు కొడకా. ఒక్కపారి ఆగితేనే పదేండ్లాయె."

ఆమెకు అర్థమైందో లేదో నాకు తెలియదు. అర్థమైందనుకుంటే నాకు కొంచెం తేలిక. బయటికి పోయి కూర్చో అమ్మా అంటే సరిపోయేది. నోట్లో కొంగు కుక్కుకో అంటే సరిపోయేది. అండాలు గొంతులో గురక మొదలైంది. నేను ఎడమ చేత్తో అండాలు నోరు గట్టిగా మూశాను. అమ్మ నోరు మూయలేదు. నాకు రెండు చేతులుంటే, రెండో చేతిలో కాయితం పట్టుకున్నాను.

"నీళ్లు కావాలా?" అని చదివాను.

"ఊ," అంది అమ్మ.

మిగతా ఏడు పేజీలు ఎట్లా చదివానో... మెట్టుకో మాటగా చదివాను. పిల్ల పేరు పిల్లకు తిరిగొచ్చింది. నీడ కాళ్లకు అంటుకుంది. పట్టీలు ఘల్లుమన్నాయి. తల్లి నీళ్లు తాగి లేచి కూర్చుంది. ఇద్దరూ సుఖంగా ఉన్నారు. కింద కూర్చున్నది ఎవరో ఎనిమిది పేజీల్లో ఒక్క మాట లేదు.

నా అరచేతి కింద పెదవులు కదిలాయి.

"అన్నా, చెయ్యి తియ్యి. దూపైతాంది."

ఏడేళ్ల పిల్ల మాట, పదిహేడేళ్ల గొంతు. పిచ్చివాడిలా దాన్ని పట్టుకుని ఏడ్చాను. చెంబెడు నీళ్లు గటగటా తాగింది. "సూసినవా అమ్మా! మాట్లాడింది! నీ బిడ్డ మాట్లాడింది!" అని అమ్మ భుజాలు కుదిపాను.

అమ్మ నేల మీద అరచేయి ఆనించి, కిందికి చూస్తోంది.

"ఊ," అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఫారంలోని అక్షరాలన్నీ పది సార్లు వెతికాను, ఆమెను పైకి తెచ్చే దారి ఒక్కటే ఉంది. అది మీకూ తెలుసు.

అండాలు ఇంకో చెంబు నింపి తలుపు మూల పెట్టింది. ఎవరికే అన్నాను.

"ఆ పిల్లకు. నాతోనే ఎక్కింది గద."

"ఏ పిల్ల?"

అండాలు నన్ను వింతగా చూసింది. "ఒక్కదాన్నే ఎట్లస్త అన్నా? ఇద్దరం ఒచ్చినం. అమ్మ ఒక్కతే ఉన్నదాడ."

సాయంత్రానికి ఆ చెంబు ఖాళీగా ఉంది. మరునాడూ అంతే.

ఫారాన్ని గుడ్డలో చుట్టి ఇంటి దూలానికి కట్టేశాను. కాల్చేయాల్సింది. కాలిస్తే అమ్మ ఎప్పటికీ రాదు కదా అని కాల్చలేకపోయాను. అమ్మ మింగడం తగ్గిపోతోంది. అండాలు ఆమె తల దువ్వుతుంది, అన్నం కలిపి పెడుతుంది, "అన్నా, అమ్మను తీసుకరా" అని రోజూ అడుగుతుంది. పదేళ్లు అమ్మ నన్ను 'బిడ్డను తీసుకరా' అని అడిగినట్టే.

ఈ పొద్దు బడి తెరిచాం. ఇరవై ఏడు మంది పిల్లలు. నేను కథలు బాగా చదువుతానని వాళ్లకు తెలుసు, నా గదిలో మొదటి రోజు ఎప్పుడూ కథే. హాజరు వేయడానికి సంచిలోంచి రిజిస్టరు తీశాను. అందులో ఆ ఫారం ఉంది. అండాలును అడిగి రమ్మని మనిషిని పంపాను. తను తీయలేదని, దూలానికి గుడ్డ కట్టినట్టే ఉందని చెప్పి పంపింది. నేను పెట్టలేదు. దేవుడి మీద ప్రమాణం, నేను పెట్టలేదు.

పిల్లలను మధ్యాహ్నం దాకా ఆటకు వదిలి, ఇదంతా రాస్తూ కూర్చున్నాను. చదవనని నాకు నేను చెప్పుకోవడానికే రాయడం మొదలుపెట్టాను. ఒక్కరు ఊ అంటే చాలు, అమ్మ వస్తుంది. పిల్లలు అందరూ కలిసి ఊ కొడతారు, ఎవరు ముందు అన్నారో కూడా నాకు తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చింది. అది కూడా రాసేస్తున్నాను.

పిల్లలు లోపలికి వచ్చేశారు. "సార్, కథ" అంటున్నారు. ముందు వరుసలో మంజులత కూర్చుంది. వడ్రంగోళ్ల పిల్ల, అందరికంటే గట్టిగా ఊ కొట్టేది అదే. ఎండ నెత్తిమీదికి వచ్చింది.

ఫారం తీసి పక్కన పెట్టి హాజరు పేజీ చూశాను. పేర్లన్నీ పొడిగా, నేను రాసినట్టే ఉన్నాయి. మంజులత పేరు మీద మాత్రం సిరా అలుక్కుపోయింది. చిన్న వేలితో ఎవరో ఒత్తినట్టు, అక్కడ కాయితం ఇంకా తడిగా ఉంది.